ఎండిన బోరు ఇచ్చిన నీళ్ళు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. ఎకరన్నర వేరుశనగ పైరు పోయింది, అదీ ఊడలు భూమిలోకి దిగే సమయంలో. దాంతోపాటు రెండు బర్రెలకు ఎండాకాలం దాకా మేతగా సరిపోవలసిన వేరుశనగ కట్టె పోయింది. పక్కపక్క చేన్ల ఆడవాళ్ళిద్దరు గట్టు మీద కూర్చొని వక్కాకు నములుతూ మాట్లాడుకునే అలవాటు ఒక సీజను పాటు పోయింది. తొమ్మిది మంది రైతులు కలిసి వేసుకున్న పైపులైనులో ఒక జాయింటు పగిలింది. మా ఆఫీసు జీపు ఊళ్ళోకి పోతే ఎదురొచ్చి పలకరించేవాళ్ళు తగ్గారు. వాళ్ళలో కొందరు తర్వాత మళ్ళీ పలకరించారు, అందరూ కాదు.

ఇన్ని పోతున్న రోజుల్లో ఏ వారం కూడి చూసినా మా లెక్కలు సరిపోయాయి. మొత్తంలో ఒక్క నిమిషం కూడా తేడా రాలేదు. కంప్యూటరు పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

నేను ఇంజనీరును కాను. డిగ్రీ రెండో ఏడు ఆపేసి, అనంతపురంలో నీటి పనులు చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో వాన లెక్కలు రాసే పనికి చేరాను. పాత పుస్తకాల అంగట్లో ఫోర్ట్రాన్ అనే కంప్యూటరు భాష పుస్తకం ఒకటి దొరికింది. దానికి అట్ట లేదు, చివరి పాఠం కూడా లేదు. ఉన్నంతవరకు నేర్చుకున్నాను. ఆఫీసులో అందరూ టీకి పోయినప్పుడు ఖాళీ కంప్యూటరు ముందు కూర్చొని నేర్చుకున్న చదువు నాది.

మా సంస్థ గార్లదిన్నె వైపు ఒక ఊళ్ళో తొమ్మిది మంది రైతులను ఒక సంఘంగా కలిపింది. మా వైపు ఒకడు బోరు వేస్తే పక్కవాడు ఇంకో వంద అడుగులు ఎక్కువ వేస్తాడు, మొదటివాడిది ఎండుతుంది. ఆ పోటీ ఆపడానికి తొమ్మిది బోర్లకూ, తొమ్మిది చేన్లకూ ఒకే పైపులైను వేయించాము. ఎవరి బోరులో నీళ్ళున్నా ఎవరి చేనికైనా పోతాయి. వాన మొహం చాటేసినప్పుడు స్ప్రింక్లర్లతో పైరుకు ఒకటి రెండు తడులు ఇవ్వగలిగితే చాలు, కాయ నిలబడుతుంది. ఎవరి బోరు ఎవరి చేనికి ఎన్ని గంటలు ఇచ్చిందో లెక్క కట్టి, ఎక్కువ ఇచ్చినవాళ్ళకు తర్వాత వంతుల్లో ముందు ఇవ్వాలి. పదిహేను గంటలకు మించి బాకీ పడినవాళ్ళకు, అది తీరేదాకా వంతు ఆగుతుంది. సీజను మారితే బాకీలు కొట్టేసి లెక్క కొత్తగా మొదలుపెడతారు, రావలసినవి మాత్రం విడిగా నిలుస్తాయి. ఈ నియమాలు రైతులు పెట్టుకున్నవే.

ఆ లెక్కకు ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాము రాసింది నేను. పైపు దూరాన్ని బట్టి దారిలో తరుగు ఉంటుంది, జాయింట్ల దగ్గర కారుతుంది, ఆ తరుగు తీసేసి ప్రతి ఒక్కరి పేరు మీదా ఇచ్చినవి, పుచ్చుకున్నవి కట్టేది. ప్రతి సోమవారం పొద్దున నేను ఊరికి పోయి, పాల కేంద్రం అరుగు మీద నిలబడి తొమ్మిది పేర్లూ, తొమ్మిది అంకెలూ గట్టిగా చదివేవాణ్ణి. ఒకరి అంకె విని ఇంకొకరు నవ్వడం, "ఏమప్పా, నీకు అన్ని గంటలు యాడ నుంచి వచ్చినాయి?" అని గదమాయించడం, ఇదంతా అయ్యేసరికి టీ చల్లారిపోయేది.

అన్నట్టు, ఒక గొర్రెల కాపరి తననూ చేర్చుకోమని అడిగాడు. ఎకరం చేను ఉంది, బోరు లేదు. "బోరు లేనోడు ఏమిస్తాడు?" అని తొమ్మిది మందీ వద్దన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. మా సంస్థ కొత్తచెరువు నుంచి ఒక అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ అమ్మాయి పైథాన్ అనే కొత్త భాషలో పని చేసేది. నీళ్ళు తిప్పే మనిషి, అంటే గేట్ వాల్వులు తెరిచి మూసేవాడు, గంటలు ఫోన్లోనే ఎక్కిస్తాడు. లెక్క ఆఫీసులో జరుగుతుంది. ఎవరి అంకె వాళ్ళ ఫోనుకు పోతుంది. నా ప్రోగ్రాము మూలపడుతుందేమోనని నాకు బెంగ.

"దాన్ని పారేస్తావా మ్మా?" అని అడిగాను.

"యాలన్నా పారేసేది? బాగుండాది కదా. నేను ముట్టుకోను కూడా. బయట నుంచి పిలుస్తా, అది పలుకుతాది."

"అది వేరే భాష కదా. ఎట్ల పలుకుతాది?"

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతాది. అంకెలు ఎన్నో, యాడ మొదలైతాండాయో, తిరిగొచ్చేది ఏ రకం అంకో చెప్పాల. అంతే."

నాకు అది భలే వింతగా అనిపించింది. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో పని చేసుకుపోతున్నట్టు. పని వదిలేసి ఆమె కుర్చీ వెనక నిలబడి చూసేవాణ్ణి. మొదటిసారి పిలిచినప్పుడు మూడు రావలసిన చోట పది అంకెల పొడుగు సంఖ్య, ముందు మైనస్ గుర్తుతో వచ్చింది. నా ప్రోగ్రాము చెడిపోయిందనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వింది.

"తిరిగొచ్చేది దశాంశమని చెప్పడం మర్చిపోయినా అన్నా. అది పూర్ణాంకం అనుకొని చదివింది."

ఒక లైను చేర్చింది, మూడు వచ్చింది. మెమరీ అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. అందులో పేర్లుండవు, పట్టికలుండవు. ఒకదాని పక్కన ఒకటి పొడుగ్గా పేర్చిన గళ్ళు, అంతే. ఇక్కణ్ణుంచి ఎనభై ఒక్క అంకెలు నీవి అని ఒక భాష చెబుతుంది, ఇంకో భాష తీసుకుంటుంది. ఏ అంకె ఎవరిదో గళ్ళు చెప్పవు. తీసుకునేవాళ్ళు ఎట్లా అనుకుంటే అట్లా.

ఇక పరీక్ష. తొమ్మిది బోర్లు అడ్డ వరసలు, తొమ్మిది చేన్లు నిలువు వరసలు. ఆ పట్టికను ఏవో ఒక అంకెలతో నింపి, రెండు భాషలూ కలిసి సరిగ్గా లెక్క కడుతున్నాయో లేదో చూడాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఎక్కాలంటే ప్రాణం. ఏ ప్రోగ్రాము రాసినా దాన్ని ఎక్కంతోనే పరీక్షించేవాణ్ణి, జవాబు నోటికొస్తుంది గనుక. ఒకటో ఎక్కం నుంచి తొమ్మిదో ఎక్కం దాకా పట్టికలో నింపాము. తరుగు సున్నా పెట్టాము. ఫలితం నలభై ఐదు, తొంభై, నూట ముప్పై ఐదు అంటూ నాలుగు వందల ఐదు దాకా వరసగా వచ్చింది. మొత్తం రెండు వేల ఇరవై ఐదు. ఎంత ముచ్చటగా ఉందో.

"పాత సీజను లెక్క ఒకటి ఎక్కించి చూద్దామా అన్నా?" అంది ఆ అమ్మాయి.

"ఎక్కం సరిపోయినాక ఇంకేం చూసేది మ్మా?" అన్నాను.

ఆ ఏడు విత్తనం వేళకు వాన పడింది. తర్వాత మబ్బులు వచ్చి పోయాయే గాని నేల తడవలేదు. మోటార్లు నడవడం మొదలైంది, ఫోన్లు మోగడం మొదలైంది. సోమవారం చదువు ఆపేశాము, ఎవరి అంకె వాళ్ళ జేబులోనే ఉంది కదా అని.

మూడో వారం నుంచి ఫిర్యాదులు వచ్చాయి. నలుగురు రైతులు తమ లెక్క తప్పన్నారు. చూస్తే నలుగురూ బాకీదార్లే. మా ఆఫీసు నడిపే సార్ ఫిర్యాదుల కాగితం పక్కన పెట్టేశారు. "లెక్క తప్పని ఎవురంటాండారు? బాకీ ఉండేటోళ్ళే గదా. రావాల్సినోడు ఒక్కడన్నా అన్నాడా?" అన్నారు. నిజమే, ఒక్కడూ అనలేదు. మొత్తం కూడి చూశాను. ఇచ్చిన గంటలు, పుచ్చుకున్న గంటలు సమానం. నాకూ సార్ మాటే సబబనిపించింది.

ఆ నలుగురిలో ఒక పెద్దామె ఉంది. భర్త లేడు, ఎకరన్నర చేను, అందులో మంచి బోరు. తొమ్మిదింటిలోకీ నీళ్ళు ఎక్కువున్నది దానిలోనే. ఆమె నాకు ఫోను చేసింది.

"లెక్కలప్పా, నా వంతు ఆపేసినారు. పందొమ్మిది గంటలు బాకీ అంట."

"మోటారు నడిపి తీర్చేయి పెద్దమ్మా. తీరితే వంతు తెరుచుకుంటాది."

"నేను అట్లనే అనుకొని పోయిన వారమంతా పక్క చేన్లకు నడిపినా. ఇప్పుడు ముప్పై ఒకటి అంటాండాది. ఇచ్చేకొద్దీ పెరిగే బాకీ నేను యాడా సూడలేదప్పా. నా శనక్కాయ వాడిపోతాండాది. నా నీళ్ళే నా కళ్ళ ముందర పక్క చేనికి పోతాండాయి. సోమవారం దాకా సూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే నా బోరు పైపు పీకేస్తా. మీరు, మీ ఫోన్లు ఏమన్నా చేసుకోండి."

ఆమె పైపు పీకితే, దాని మీద ఆధారపడ్డ మూడు చేన్లు ఎండుతాయి. ఇంకొకరు కొత్త బోరు వేస్తారు. ఇన్నేళ్ళ పని వారంలో పోతుంది. కానీ నన్ను పట్టుకున్నది బెదిరింపు కాదు, ముందు మాట. తీర్చేకొద్దీ పెరిగే బాకీ. అట్లాంటిది లెక్కల్లో ఒక్క రకంగానే సాధ్యం, ఇచ్చినదాన్ని పుచ్చుకున్నట్టు రాస్తే. కానీ నా ప్రోగ్రాములో ఇవ్వడం ఇవ్వడమే, ఇన్నేళ్ళుగా. ఆ అమ్మాయి పంపేదీ సరిగ్గానే ఉంది, ఆమె తెర మీద చూపించింది. ఇద్దరమూ సరైనవాళ్ళమే, పెద్దామె మాత్రం మునిగిపోతోంది.

సోమవారం పొద్దున్నే ఇద్దరం జీపులో బయలుదేరాం, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని. ఊరి మొదట్లో పొలం దారిలో ఒక రైతు ఎదురయ్యాడు. స్ప్రింక్లర్లు తిరుగుతున్న తన చేను గట్టు మీద హాయిగా బీడీ కాలుస్తున్నాడు. పెద్దామెకు మరిది వరస అవుతాడు.

"నీకేమీ ఇబ్బంది లేదా?" అని అడిగాను.

"నాకేమన్నా, రాజా మాదిరి ఉండా. నాకే ఇరవై రెండు గంటలు రావాలంట. వంతు ముందు నాకే ఇస్తాండారు."

"ఏ బోరు నీది?"

బీడీతో చూపించాడు. కేసింగు పైపు మీద బండ పెట్టి ఉంది. బండ మీద తొండ ఒకటి ఎండ కాచుకుంటోంది.

"ఇది నడుస్తాందా?"

"యాడ నడిచేది? ఎండిపోయి రెండేండ్లాయ."

"మరి ఇరవై రెండు గంటలు నువ్వు ఎట్ల ఇచ్చినావు?"

అతను తాపీగా పొగ వదిలాడు. "నన్నడిగితే నాకేం తెలుసన్నా? ఫోను చెప్తాండాది, మీరే పంపిస్తాండారు. దేవుడు ఇచ్చినాడేమో అనుకున్నా. నీళ్ళొస్తాంటే వద్దంటానా?"

ఆ అమ్మాయి ముందు నవ్వింది, తర్వాత నవ్వడం ఆపేసింది. ఇద్దరం బండ పక్కనే కూర్చున్నాం. "అన్నా, పట్టికంతా సున్నాలు పెడదాం. ఒక్క అంకె పెడదాం" అంది. మొదటి బోరు నుంచి రెండో చేనికి ఐదు గంటలు. మిగతా ఎనభై గళ్ళు ఖాళీ. నా ప్రోగ్రామును పిలిచింది. అది తడుముకోకుండా చెప్పింది, రెండో బోరు మొదటి చేనికి ఐదు గంటలు ఇచ్చిందని.

అప్పుడు అరిచి చెప్పాలనిపించింది. కానీ దూరంగా గడ్డపార చప్పుడు వినిపించింది. పెద్దామె చేను వైపు నుంచి.

మేము పరుగెత్తి చేరేసరికి ఆమె బోరు దగ్గర మట్టి తవ్వి పైపు బయటికి తీసింది. ఒక జాయింటు పగిలి నీళ్ళు చిమ్ముతున్నాయి. నీళ్ళు తిప్పే మనిషి వాల్వు మూయడానికి పరుగెత్తుతున్నాడు. చుట్టూ మిగతా రైతులు చేరారు. ఎవరూ ఆమెను పట్టుకోవడానికి ముందుకు రాలేదు.

"పెద్దమ్మా, నువ్వు బాకీ లేవు. మాదే తప్పు" అన్నాను.

గడ్డపార ఆగింది. "ఎవురిది?" అంది. "నీదా, ఈ పాపదా?"

అది అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలి. పక్కనే ఒక రైతు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. తొమ్మిది వరసలకు తొమ్మిది చెట్ల మేర ఒక మూల చూసుకొని, ఆ అమ్మాయిని ఒక చెట్టు దగ్గర నిలబెట్టాను, నేనూ అదే చెట్టు దగ్గర నిలబడ్డాను. "ఇద్దరం లెక్కపెడతాం. ఆమె అడ్డంగా పోతుంది, వాళ్ళ భాష అలవాటు అది. నేను నిలువుగా పోతాను, నా పాత భాష అలవాటు ఇది" అన్నాను. ఒక వరస అయిపోతే పక్క వరసకు మారాలి. మొదటి చెట్టు ఇద్దరికీ ఒకటే. తర్వాత విడిపోయాం. పదకొండో చెట్టు దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. పన్నెండో చెట్టుకు ఆమె ఒకవైపు, నేను ఇంకోవైపు.

"పన్నెండో చెట్టు కాయలు ఎవురివి?" అని అడిగాను.

"ఇద్దురూ వేరే వేరే చెట్లు పట్టుకొని పన్నెండు అంటాండారు గదప్పా" అన్నాడు నీళ్ళు తిప్పే మనిషి.

"అంతే. మొత్తం చెట్లు మాత్రం ఇద్దరికీ ఎనభై ఒకటే. అందుకే కూడితే సరిపోయింది. ఆ పాప ఇచ్చినోళ్ళ వరసలో రాసి పంపింది, నాది పుచ్చుకున్నోళ్ళ వరస అనుకొని చదివింది. ఇచ్చినోళ్ళంతా బాకీదార్లయినారు."

"మరి పరీక్ష చేసి సూడలేదా?" చీనీ తోట ఆయన అడిగాడు.

"చేసినాం. ఎక్కం పెట్టి చేసినాం."

ఆయన మూడు నాలుగులు పన్నెండు, నాలుగు మూళ్ళు పన్నెండు అని వేళ్ళ మీద వేసుకొని, పకపకా నవ్వాడు. "ఎక్కం ఎట్ల తిప్పినా ఎక్కమే గదప్పా" అన్నాడు.

పిల్లలకు రెండు మాటలు ఇక్కడే చెబుతాను. ఒక భాష నుంచి ఇంకో భాషను పిలిచినప్పుడు గోల చేసే తప్పు మంచిది, అది మొదటి రోజే పట్టుబడుతుంది. పరీక్షకు అందమైన పట్టిక పెట్టకండి. వంకరగా, ఏ గడికి ఆ గడి వేరుగా ఉండేది పెట్టండి. ఇంకొకటి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఆ గొర్రెల కాపరిని చేర్చుకొని ఉంటే తొమ్మిది బోర్లకు పది చేన్లు అయ్యేవి. పట్టిక చదరంగా ఉండేది కాదు. అడ్డం, నిలువు తారుమారైన మరుక్షణం అంకెలు చిందరవందరై, మొదటి వారమే అందరూ గగ్గోలు పెట్టేవాళ్ళు. ఏమీ ఇవ్వలేడని వద్దన్న మనిషి ఉండి ఉంటే చాలు, ఆ పైరు బతికేది.

ఆ అమ్మాయి తన ప్రోగ్రాములో ఒక్క మాట మార్చింది, నిలువు వరసలుగా పంపమని. లెక్క తిరగేసి కట్టాం. ప్రతి అంకె అలాగే ఉంది, గుర్తు మాత్రం మారింది. తొమ్మిది అంకెలూ అక్కడే, చీనీ చెట్ల నీడలో గట్టిగా చదివాను. ఎండిన బోరు ఆయన తన బాకీ విని తల గోక్కున్నాడు.

"వదినా, రేపు నా వంతు. నువ్వు తీసుకో" అన్నాడు.

పెద్దామె తన చేను వైపు చూసింది. ఆకు ముడుచుకొని, చేనంతా బూడిద రంగుకు తిరిగింది. "దేనికి పోసేది మరిదీ? కట్టెకా? అది కూడా మిగల్లేదు" అంది. పగిలిన జాయింటు అట్లాగే వదిలి ఇంటికి పోయింది.

రెండు రోజులు ఎదురుచూశాం. మూడో రోజు ఆమె గార్లదిన్నె నుంచి కొత్త జాయింటు తెప్పించి, నీళ్ళు తిప్పే మనిషిని పిలిచి వేయించింది. జాయింటుకైన దుడ్లు ఇస్తామని సంఘం వాళ్ళు పోతే తీసుకుంది, వద్దనలేదు.

తర్వాతి ఏడు ఆమె పైరు వేసింది. ముందు వంతులన్నీ నీవే, నీకు రావలసినవన్నీ వాడుకొమ్మని అందరూ చెప్పారు. ఆమె మామూలు వంతే తీసుకుంది. ఆ పై ఏడు ఆమె బోరులో నీళ్ళు తగ్గాయి, మోటారు గంట నడిస్తే గాలి లాగడం మొదలైంది. అప్పుడు నేనే పోయి అడిగాను, ఇప్పుడైనా వాడుకోమని.

"ఈ ఏటి వంతు ఈ ఏటిది, అది తీసుకుంటాండా గదప్పా" అంది. "ఆ పాతది మాత్రం ముట్టుకోవద్దు. ఈ బోరు ఇంక ఎన్నాళ్ళో ఉండదు. అది ఎండినాక కూడా నన్ను మీ పైపులో ఉంచాల గదా. బాకీ తీరిపోతే మీరెవురు, నేనెవురు?"

"అట్ల ఎవరూ తీసెయ్యరు పెద్దమ్మా" అన్నాను.

"తియ్యరులే. అయినా ఉండనీ."

నేను ఆ ఉద్యోగం వదిలి కొంతకాలమైంది. లెక్క ఇంకా నడుస్తోంది. ప్రతి సీజను మొదట్లో సంఘం ఆమెను అడుగుతుంది, ఆమె ఉండనీ అంటుంది. పోయిన నెల ఆ అమ్మాయికి ఫోను చేసి కనుక్కున్నాను. బోరు పూర్తిగా ఎండింది. పైరు పచ్చగా ఉంది. ఆమెకు తొమ్మిది మంది పైపులైను ఇవ్వవలసినవి ఇవాళ్టికి ముప్పై ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.